నిప్పురవ్వా, వేడి తీగా? పాత మోడల్ విమానం ఇంజిన్‌ను గుర్తించడం ఎలా

మోడల్ విమానాల పాత ఇంజిన్ చేతికొస్తే, తీగలు కలపడానికి ముందు అది ఏ రకమో తేల్చుకోవాలి. అమెరికన్లు దీన్ని ‘గ్యాస్’ ఇంజిన్ అంటారు. వంటగ్యాస్‌తో దీనికి సంబంధం లేదు. గ్యాసోలిన్‌కు, అంటే పెట్రోలుకు, అది వారి పొట్టి పేరు. 1930లలో ఫిలడెల్ఫియాలో బిల్ బ్రౌన్ రూపొందించిన దాదాపు 10 సీసీల ‘బ్రౌన్ జూనియర్’ ఈ కోవలో బాగా ప్రసిద్ధి.

ముందుగా ప్రొపెల్లర్ వెనక చూడాలి. అక్కడ అటూ ఇటూ జరపగల చిన్న మీట, తెరుచుకుంటూ మూసుకునే రెండు కాంటాక్ట్ పాయింట్లు ఉంటే అది స్పార్క్ ఇంజిన్. పాత స్కూటర్ మెకానిక్కులు ‘సీబీ పాయింట్లు’ అనేవి ఇవే, కాకపోతే బాగా చిన్నవి. ప్లగ్గును మాత్రమే నమ్మకూడదు. 1940ల చివర రే ఆర్డెన్ గ్లో ప్లగ్గు మార్కెట్లోకి వచ్చాక చాలామంది పాత ఇంజిన్లకూ దాన్నే బిగించారు. గ్లో ప్లగ్గు అడుగున సన్నని తీగచుట్ట కనిపిస్తుంది. స్పార్క్ ప్లగ్గులో రెండు లోహపు మొనల మధ్య ఖాళీ ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల గ్లో ప్లగ్గుకు స్పార్క్ ఇంజిన్ బ్యాటరీ 3 వోల్టులు ఇస్తే తీగ కాలిపోతుంది.

స్పార్క్ ఇంజిన్ అని తేలితే వైరింగు కష్టం కాదు. బ్యాటరీ ఒక కొస నుంచి స్విచ్చికి, అక్కడి నుంచి కాయిల్ ప్రైమరీకి, ఆపైన ఇంజిన్ లోహానికి తగలకుండా ఉన్న పాయింటుకు తీగ వెళ్తుంది. రెండో పాయింటు ఇంజిన్ ఒంటికే కలిసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ రెండో కొసను ఇంజిన్‌కు కలిపితే సరి. కాయిల్ సెకండరీ నుంచి మందపాటి తీగ ప్లగ్గుకు. పాయింట్లకు అడ్డంగా కండెన్సర్.

పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తెరుచుకోగానే అది కూలిపోయి సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. ఎంత వేగంగా కూలితే రవ్వ అంత బలం. కండెన్సర్ లేకపోతే, విడిపోతున్న పాయింట్ల మధ్యే కరెంటు మెరుపులా దూకుతుంది. క్షేత్రం నెమ్మదిగా తగ్గుతుంది, ప్లగ్గులో రవ్వ నీరసిస్తుంది, పాయింట్లు గుంటలు పడతాయి. పాత కాగితపు కండెన్సర్లు లీకయ్యేవే ఎక్కువ. 0.1 నుంచి 0.2 మైక్రోఫారడ్ల కొత్తది వేయడమే మంచిది.

ఇంజిన్ ఆగినప్పుడు పాయింట్లు మూసుకుని ఉండవచ్చు. స్విచ్ ఆపడం మరిస్తే కాయిల్ వేడెక్కి పాడవుతుంది, ఇప్పుడు అలాంటిది దొరకడం కష్టం. రవ్వ పరీక్షను ట్యాంకులో పెట్రోలు లేకుండా, ప్లగ్గు బయటికి తీసి, దాని లోహపు ఒంటిని ఇంజిన్‌కు తాకించి చేయాలి. స్టార్ట్ చేసేటప్పుడు రవ్వ ఆలస్యంగా వచ్చేలా మీటను వెనక్కి జరిపి ఉంచాలి. ముందే వస్తే ప్రొపెల్లర్ ఎదురు తిరిగి వేళ్లను కొడుతుంది.