ఎదుగుచున్న బాలికలు: వెన్నెముక వంకర

లంగా అంచు ఒకవైపు నేలను తాకుచు, రెండవవైపు మడమకు పైన నుండుట. ఓణీ భుజముపై నిలువక జారుట. దర్జీ ఎన్నిసార్లు సరిచేసినను రవిక ఒకవైపు బిగుతుగను, మరియొకవైపు వదులుగను ఉండుట: వీటిని కుట్టుపనిలోని లోపములుగా భావించి ఇంటివారు ఊరకొందురు. పది మొదలు పదునైదేండ్ల బాలిక విషయములో ఇవి వెన్నెముక వంకరకు గుర్తులు కావచ్చును. తన రొమ్ములు రెండును సమానముగా లేవని బాలిక సిగ్గుతో తల్లికైనను చెప్పదు. తల్లికి తెలిసినను, పెండ్లి కావలసిన పిల్లయని బయటపెట్టదు. ఈ మౌనములో గడచిపోవు రెండు మూడేండ్లే చికిత్సకు మిక్కిలి విలువైన కాలము. కనుకనే ఇంటిలోపలి విషయమైనను దీనిని పంచాయతీ సభ్యుల ముందు పెట్టుచున్నాము.

స్త్రీలలో రెండు రొమ్ములును అచ్చముగా ఒకే పరిమాణమున నుండుట అరుదు. ఎదుగు వయసులో ఒకటి ముందుగను, రెండవది కొన్ని నెలలకును పెరుగుట సహజమే. కాని స్కోలియోసిస్ అను వెన్నెముక వంకరలో వేరొక కారణము కూడ కలదు. ఇందులో వెన్ను పక్కకు వంగుటయేగాక మెలి తిరుగును. దానితో పక్కటెముకలును తిరిగి, వీపున ఒకవైపు గూనివలె లేచును. ముందు రెండవవైపు ఛాతీ పొడుచుకొని వచ్చును. ఛాతీ భాగమున వంపు కుడివైపునకు ఉండుటయే ఎక్కువ. అట్టివారిలో తరచుగా ఎడమ రొమ్ము పెద్దదిగా కనబడును. కొందరిలో పరిమాణమందే భేదముండును. మరికొందరిలో రెండును సమానమే. వాటి క్రింది ఎముకల గూడు మాత్రమే మెలిపడినది. ఈ భేదమును తేల్చుకొనక రొమ్మునకు శస్త్రచికిత్స చేయించినచో ఆశించిన ఫలితము దక్కకపోవచ్చును.

వెన్నును పరీక్షించు సులభమైన పద్ధతిని 1865లో ఆడమ్స్ అను ఆంగ్ల వైద్యుడు వివరించెను. బాలిక పాదములు చేర్చి, మోకాళ్లు వంచక, అరచేతులు జోడించి ముందుకు వంగవలెను. వెనుకనుండి చూచిన, వీపు ఒకవైపు ఎత్తుగా నున్నదేమో తెలియును. స్త్రీ ఆరోగ్య కార్యకర్త, తల్లి సమక్షమున, తలుపు మూసిన గదిలోనే దీనిని చేయవలెను. అనుమానమున్నచో ఎక్స్‌రే తీయింతురు. అందులో వంపు 10 డిగ్రీలు, అంతకు మించినచో స్కోలియోసిస్ అందురు. ఎదుగు పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉండును. చాలమందికి కనిపెట్టి యుండుటయే చాలును. పెద్ద వంపులు మాత్రము బాలికలలోనే ఎక్కువ. పుస్తకాల సంచి మోయుట వలననో, వంగి కూర్చొనుట వలననో ఇది రాదు. తల్లి చేసిన తప్పు అసలే కాదు. మర్దనలతో వంపు సరికాదు. కాలము మాత్రము గడచిపోవును.

ఎదుగుదల మిగిలియుండగా వంపు 25 డిగ్రీలు దాటినచో వైద్యులు సాధారణముగా బ్రేసు తొడిగింతురు. అమెరికా, కెనడాలలో జరిగిన ఒక పరిశోధన ఫలితములు 2013లో వెలువడెను. బ్రేసు తొడిగినవారిలో నూటికి 72 మందికి, తొడగనివారిలో 48 మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండ ఆగెను. రోజుకు సుమారు 13 గంటలు మించి తొడిగినవారికి ఫలితము మరింత బాగుండెను. మన వేసవిలో అది తేలిక కాదని మేమెరుగుదుము. లోపల పలుచని నూలు బనియను, బడిలో ఉపాధ్యాయుల సానుభూతి అవసరము. వంపు 45, 50 డిగ్రీలకు చేరినప్పుడు కడ్డీలు, మరలు బిగించి పూసలను అతికించు శస్త్రచికిత్సను ఆలోచింతురు. నరములకు హాని కలుగు ప్రమాదము స్వల్పమేయైనను కలదు. వెన్ను చక్కబడినను ఛాతీలోని భేదము పూర్తిగా పోకపోవచ్చును. ఈ మాట ముందుగానే చెప్పించుకొనవలెను.

రొమ్ముల శస్త్రచికిత్సకు తొందర లేదు. ఎదుగుదలయు, వెన్ను చికిత్సయు ముగిసిన తరువాత, సాధారణముగా 18 ఏండ్లు నిండిన పిమ్మటనే దానిని తలపెట్టుట మేలు. పెద్దదానిని తగ్గింపవచ్చును, చిన్నదానిలో సిలికాన్ అమరికను ఉంచవచ్చును. ఆ అమరిక జీవితాంతము నిలుచునది కాదు, మరల శస్త్రచికిత్స అవసరపడవచ్చును. తగ్గించినచో మచ్చలు మిగులును, ముందుముందు పాలిచ్చుటకు ఇబ్బంది కలుగవచ్చును. అంతవరకు రవికలో ఒకవైపు మెత్త కుట్టించుకొనిన చాలును. పలువురికి అటుపైన మరేమియు అవసరము కాదు. శస్త్రచికిత్స వలదని మేమనుట లేదు. పెండ్లిచూపుల తొందరలో పెద్దలు నిర్ణయించుట మాత్రము తగదు. ఎదిగిన పిమ్మట ఆమెయే నిర్ణయించుకొనవలెను. వెన్ను వంకర యున్న స్త్రీలలో అత్యధికులు బిడ్డలను కని పెంచుచున్నారు. అయితే పెద్ద వయసు స్త్రీకి ఒక రొమ్ము క్రొత్తగా మారినను, గడ్డ తగిలినను అది వేరు సంగతి. వెంటనే వైద్యునికి చూపవలెను.

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము పంచాయతీల విషయములుగా చేర్చబడినవి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు ప్రభుత్వ పాఠశాలలకు వచ్చును. ఆ తేదీని ముందుగా తెలిసికొని, మరుగైన గదిని ఏర్పరచి, ఒక మహిళా సభ్యురాలు దగ్గరనుండి, ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు బాలికల వీపును కూడ చూడుమని కోరవచ్చును. బయటపడిన పేర్లు సమావేశములో చదువరాదు, పుస్తకములో వ్రాయరాదు. ఆసుపత్రికి పంపునప్పుడు, ఆరోగ్య పథకము వెన్ను చికిత్సకు వర్తించునా, రొమ్ముల శస్త్రచికిత్సకు వర్తించునా అని ఆరోగ్య మిత్రను విడివిడిగా అడుగవలెను. మొదటి ఎక్స్‌రే చిత్రమును భద్రపరచి ప్రతిసారి వెంట తీసికొనిపొమ్మని తల్లికి చెప్పవలెను. వంపు పెరిగినదా, ఆగినదా యని వైద్యుడు దానితో పోల్చియే చెప్పును.