ఎన్నింటికి మొదలైందమ్మా?

ముప్పై నాలుగేళ్లు క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేశాను. గుండెనొప్పి అంటే వెంటనే లోపలికి తీసుకుంటారు. తలనొప్పి అని వచ్చినవాళ్లే బెంచీ మీద ఎక్కువసేపు కూర్చుంటారు. వాళ్లలో ఎవరిని కూర్చోబెట్టకూడదో నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

1. నొప్పి ఎంత ఉందని అడిగితే అందరూ భరించలేనంత అనే అంటారు. అందులో అబద్ధం లేదు, పార్శ్వపు నొప్పి కూడా భరించలేనిదే. అడగాల్సింది, అంత నొప్పి ఎంతసేపట్లో వచ్చిందని. పార్శ్వపు నొప్పి సాధారణంగా మెల్లగా రాజుకుని గంటకో రెండు గంటలకో ముదురుతుంది. మెదడు పైన రక్తనాళం చిట్లినవాళ్లు వేరేగా చెప్తారు. "బిందె ఎత్తుతున్నాను సిస్టర్, వెనకనుంచి ఎవరో రోకలితో కొట్టినట్టయింది" అంటారు. ఏం చేస్తుండగా వచ్చిందో చాలామందికి గుర్తుంటుంది. నిమిషంలోపే తారస్థాయికి చేరిన నొప్పిని డాక్టర్లు థండర్‌క్లాప్ అంటారు, అంటే పిడుగుపాటు. అన్నిటికీ రక్తస్రావమే కారణం కాదు. కానీ పరీక్ష చెయ్యకుండా కాదనే మాట ఎవరూ అనకూడదు.

2. మా వదిన విషయంలో ఈ ప్రశ్న నేనే అడగలేదు. సంక్రాంతి ముందు అరిసెల పాకం పడుతూ, "అమ్మో" అని తల పట్టుకుని కూలబడిందట. పొయ్యి సెగకు వేడి చేసిందన్నారు. వాంతి అయితే పైత్యం అన్నారు. ఫోన్ చేస్తే, "మాత్ర వేసుకుని పడుకో వదినా" అన్నాను. సాయంత్రానికి నొప్పి తగ్గింది, మెడ మాత్రం పట్టేసింది. తలగడ ఎత్తయిందనుకుంది. ఐదో రోజు స్నానాల గదిలో పడిపోయింది, మళ్లీ ఇంటికి రాలేదు. రక్తనాళం గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది, దాన్నే అన్యూరిజం అంటారు. అది పూర్తిగా పగిలేముందు ఒక్కోసారి కొంచెం కారుతుంది. ఆ నొప్పి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మనం ఊరుకున్న రోజులే మనిషిని దక్కించుకోగలిగే రోజులు.

3. సి.టి. స్కాన్‌కి గంటలతో పని. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు మంచి యంత్రం మీద తీసి, అనుభవమున్న డాక్టరు చూస్తే రక్తం దాదాపు తప్పించుకోదు. తెల్లగా కనబడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ రక్తం పలచబడి కలిసిపోతుంది. నాలుగో రోజు తీసిన స్కాన్ బాగానే ఉందంటే ఏమీ లేనట్టు కాదు.

4. అప్పుడు వెన్నులో నీరు తీసి చూడాలంటారు. ఇక్కడే ఇంటివాళ్లు సంతకం పెట్టరు. "కాళ్లు పడిపోతాయి" అంటారు. ఈ భయంతో పరీక్ష వద్దని తీసుకెళ్లిపోయినవాళ్లను చూశాను. వెన్నుపాము ఆగిపోయిన చోటికి కింద, నడుము దగ్గర సూది గుచ్చుతారు. నీళ్లలా ఉండాల్సిన ద్రవం పసుపు తేలితే చాలావరకు లోపల రక్తం కారినట్టే. ఆ పసుపు రంగు ఏర్పడటానికి సుమారు పన్నెండు గంటలు పడుతుంది. ఇక్కడా గడియారమే.

5. బీపీ పెరిగింది కాబట్టి తలనొప్పి వచ్చిందనడం తేలిక. తలలో రక్తం కారినప్పుడు కూడా బీపీ పెరుగుతుంది. బీపీ మాత్ర ఇచ్చి ఇంటికి పంపితే సరిపోదు. ఏళ్లతరబడి అదుపులో లేని బీపీ, బీడీ, సిగరెట్ మాత్రం అన్యూరిజం బుడగ పగలడానికి నిజంగానే దోహదం చేస్తాయి.

6. బాలింత తలనొప్పి అంటే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మన ఇళ్లల్లో పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు సరిగా తాగనివ్వరు. ప్రసవం తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ ఎక్కువే. ఒంట్లో నీరు కూడా తగ్గితే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. తలనొప్పి, చూపు మసకబారడం, ఆపైన ఫిట్స్. ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించి, రెండో రోజు తెచ్చినవాళ్లున్నారు. మామూలు స్కాన్‌లో ఇది కనబడకపోవచ్చు, సిరల స్కాన్ విడిగా తీయాలి. సిజేరియన్‌కి ఇచ్చిన మత్తు సూదివల్ల వచ్చే నొప్పి వేరు, అది పడుకుంటే తగ్గి లేస్తే పెరుగుతుంది. ఏ నొప్పయినా డాక్టరే తేల్చాలి. అమ్మలూ, అత్తలూ, బాలింతకు దాహమంటే నీళ్లివ్వండి.

7. కన్ను ఎర్రబడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడి, వాంతులతో తలనొప్పి వస్తే అది కంటి లోపలి ఒత్తిడి పెరగడం కావచ్చు. కొద్ది గంటల్లోనే చూపు పోవచ్చు. ఒక రెప్ప వాలిపోయినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఆగొద్దు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే, ముందు బయటికి తీసుకురండి.

8. బుడగ పగిలినా దారులున్నాయి. పుర్రె తెరిచి క్లిప్పు పెడతారు, లేదా తొడ దగ్గర రక్తనాళంలోంచి వెళ్లి తీగచుట్ట నింపుతారు. దాంతోపాటు నిమోడిపిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, 21 రోజులు. కానీ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ.

కాబట్టి ఆస్పిరిన్ మింగించకండి. 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు నొప్పి ఎన్నింటికి, ఏం చేస్తుండగా మొదలైందో ఒక కాగితం మీద రాసి, వెంట వెళ్లే మనిషి జేబులో పెట్టండి.