అవ్వను జ్ఞాపకము చేసికొనుట ఎట్లు?

వాక్యభాగములు: ఆదికాండము 23వ అధ్యాయము, 2 తిమోతి 1:3-6, 3:14-15



గనుల పనికి, రైల్వే పనికి, మిల్లు పనికి పొరుగు రాష్ట్రములకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో, మనలను పెంచిన తల్లులు ఒక్కొక్కరుగా ప్రభువు సన్నిధికి చేరుచున్నారు. భార్యగా, తల్లిగా, అవ్వగా బ్రదికిన వారిని కన్నీటితో సమాధి చేయుచున్నాము. జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పదిమందికి భోజనము పెట్టుచున్నాము. ఇవి మంచివే. అయితే జ్ఞాపకము అంతటితో ముగియునా? వాక్యమేమి చెప్పుచున్నదో ధ్యానించుదము.

1. భార్యను పోగొట్టుకొన్న అబ్రాహాము

శారా 127 సంవత్సరములు బ్రదికి హెబ్రోనులో మరణించెను. అబ్రాహాము ఆమె కొరకు ఏడ్చెను. విశ్వాసులకు తండ్రియైనవాడు ఏడ్చెను గనుక మన కన్నీరు అవిశ్వాసము కాదు.

అతడు కనానుకు వచ్చి అప్పటికి 62 సంవత్సరములు. అయినను తాను పరదేశినని హేతు కుమారుల యెదుట ఒప్పుకొనెను. ఎఫ్రోను పొలమును ఊరకనే ఇచ్చెదననగా, అబ్రాహాము 400 తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షుల యెదుట మక్పేలా గుహను కొనెను. వాగ్దాన దేశములో అతనికి స్వంతమైన మొదటి నేల భార్య సమాధియే. తరువాత అబ్రాహాము, ఇస్సాకు, రిబ్కా, లేయా, యాకోబు అక్కడనే పాతిపెట్టబడిరి. మన తల్లులను పాతిపెట్టిన నేల మనకు పరాయి నేల కాదు. ఆ సమాధుల తోటలను శుభ్రముగా కాపాడుట మన బాధ్యత.

2. తల్లిని పోగొట్టుకొన్న ఇస్సాకు

తల్లి మరణించిన నాటికి ఇస్సాకు వయస్సు 37. రిబ్కాను వివాహము చేసికొన్నప్పుడు 40. అప్పుడే అతడు ఆదరణ పొందెనని ఆదికాండము 24:67 తెలుపుచున్నది. అనగా మూడు సంవత్సరములు ఆ దుఃఖము అతని గుడారములో ఉండెను. ఆదరణ కూడిక అయిపోయినది గనుక ఇక ఏడువవద్దని తల్లి లేని ఇంటివారితో మనము తొందరపడి చెప్పరాదు. నెల గడిచిన తరువాత కూడ ఆ ఇంటి తలుపు తట్టవలెను.

3. అవ్వ విశ్వాసమును పొందిన తిమోతి

తిమోతి ఇల్లు మన ఇండ్లవంటిదే. తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు (అపొ. 16:1). లుస్త్ర జనులు మాటలాడినది లుకయోనియ భాష (అపొ. 14:11). అటువంటి ఊరిలో, అటువంటి ఇంటిలో తిమోతి పసితనము నుండి లేఖనముల నెరిగియుండెను. లోయి అను అవ్వ, యునీకే అను తల్లి విశ్వాసములో నిలిచి, దానిని అతని వరకు తెచ్చిరి.

చెరసాలనుండి వ్రాయుచు పౌలు 3 నుండి 6 వరకు ప్రతి వచనములోను జ్ఞాపకమును గూర్చియే మాటలాడెను. అవ్వను జ్ఞాపకము చేసిన వెంటనే, నీలోని కృపావరమును ఆరిపోనియ్యక మండించుమని హెచ్చరించెను. జ్ఞాపకము పనిగా మారవలెనని ఇందువలన నేర్చుకొనుచున్నాము.

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రయు ఇట్టిదే. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద ప్రార్థించిన ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు.

4. మనకు వర్తింపు

ఒక తల్లి జ్ఞాపకార్థ కూడికలో ఆమె బైబిలును మనుమరాలి చేతికిచ్చి 23వ కీర్తన చదువుమంటిమి. ఆ బిడ్డ పేజీ వైపు చూచి తల వంచుకొనెను. ఆమెకు తెలుగు అక్షరములు రావు. కొంతసేపటికి పుస్తకము మూసి, అవ్వ ప్రక్కన పండుకొని నేర్చుకొన్న ఆ కీర్తనను తెలుగులోనే తప్పు లేకుండ అప్పగించెను. కూడికలో ఏడువనివారు లేరు.

అవ్వ తన పని చేసినది. సండేస్కూలులో అక్షరములు నేర్పుట మానుకొన్నది మనమే. రేపు ఆ బిడ్డ తన పిల్లలకు ఏ పుస్తకము తెరచి చూపును? ఊరి భాషలో వాక్యము చదువుట తప్పు కాదు. దేవుడు ఏ భాషనైనను వినును. కాని అవ్వ గీతలు గీసికొన్న వచనములు మనుమలకు మూయబడిన పుస్తకము కారాదు. వారమునకు ఒక గంట చాలును. కూడిక భోజనములకు చేయు ఖర్చులో కొంత పలకలకు, వాచకములకు ఇయ్యవచ్చును.

చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఇంట మొదట ప్రభువును నమ్మిన తల్లి ఎవరు? ఆమె సాక్ష్యము మీ పిల్లలకు తెలుసునా?
2. ఆమె బైబిలు ఇప్పుడు ఎవరి యొద్ద ఉన్నది? దానిని చదువగలవారు మీ ఇంట ఎందరు?
3. ఈ నెలలో తల్లిని పోగొట్టుకొన్న ఏ ఇంటిని దర్శించెదరు?

ప్రార్థన: ప్రభువా, నీవు మాకిచ్చిన తల్లుల కొరకు స్తోత్రము. వారు మా చేతికిచ్చిన దీపము మా చేతులలో ఆరిపోకుండ కాపాడుము. ఆమేన్.