కొనేవారి ప్రశ్న – అమ్మేవారి బాధ్యత

అంగడికి వెళ్ళి వస్తువులు కొనడం మనకు నిత్యకృత్యం. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట వేసుకొని చూస్తాం. వంకాయను అటూ ఇటూ తిప్పి పుచ్చు ఉందేమోనని పరీక్షిస్తాం. కాని డిజిటల్ కెమెరా వంటి యంత్రం గుణం పైచూపుకు అందదు. దానిని గురించి అమ్మేవారికి తెలిసినంతగా కొనేవారికి తెలియదు. ఈ తేడా ఉన్నచోటనే మోసానికి తావు ఏర్పడుతుంది. నిజాయితీ గల వర్తకుడి విలువ తెలిసేదీ అక్కడే.

1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరాను రూపొందించాడు. ఒక నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఆ చిత్రంలో ఉన్నవి పది వేల చుక్కలు మాత్రమే. పది లక్షల చుక్కలను ఒక మెగాపిక్సెల్ అంటారు. నేడు 20 మెగాపిక్సెళ్ళకు మించిన కెమెరాలు సర్వసాధారణం. అయితే ఈ అంకె ఒక్కటే నాణ్యతకు కొలమానం కాదు. వెలుతురును గ్రహించే సెన్సర్ పరిమాణం, లెన్స్ నాణ్యత అంతకంటె ముఖ్యం. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సర్ వైశాల్యం, చిన్న జేబు కెమెరాల్లోని సెన్సర్ కంటె దాదాపు ముప్పై రెట్లు ఎక్కువ. అలాగే ఆప్టికల్ జూమ్ లెన్స్ కదలికతో దూరపు దృశ్యాన్ని దగ్గర చేస్తుంది. డిజిటల్ జూమ్ తీసిన చిత్రంలోని ఒక భాగాన్ని పెద్దది చేసి చూపుతుంది. అందులో స్పష్టత తగ్గుతుంది.

తల్లి చీటీ పాడి ఇచ్చిన డబ్బుతో, ఫోటోగ్రఫీని జీవనోపాధిగా ఎంచుకొన్న ఒక విద్యార్థి కెమెరా కొనడానికి బయలుదేరాడనుకొందాం. మొదటి దుకాణంలో యజమాని, “ఇందులో మెగాపిక్సెళ్ళు ఎక్కువ బాబూ! ఇంకేమీ చూడనక్కరలేదు. బిల్లు వద్దంటే రెండు వేలు తగ్గిస్తాను” అన్నాడు. రెండవ దుకాణంలో సంభాషణ మరొక విధంగా సాగింది.

“ఎటువంటి ఫోటోలు తీస్తారు బాబూ?”

“పెళ్ళిళ్ళలో తీయాలని ఉందండీ.”

“రాత్రి ముహూర్తాలకు వెలుతురు తక్కువ. మెగాపిక్సెళ్ళు కొంచెం తగ్గినా సెన్సర్ పెద్దదిగా ఉన్న ఈ కెమెరా మీకు నయం. నాలుగు ఫోటోలు తీసి చూడండి.”

ఆ వర్తకుడు పెట్టె సీలును కొనేవాని ఎదుటనే తెరిచాడు. పెట్టెపైన, కెమెరాపైన, బిల్లుపైన సీరియల్ నంబరు ఒకటేనని చూపాడు. వారంటీ కార్డుపై తేదీ వేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. ధర మాత్రం రెండు వేలు ఎక్కువ. ఈ రెండింటిలో ఏది చౌక? మూడు వారాలకే లెన్స్ బిగుసుకుపోతే దీనికి సమాధానం తెలుస్తుంది. బిల్లు లేనివాడు, “ఇది మా దుకాణంలో కొన్నదే అనడానికి ఆధారమేది?” అనే ప్రశ్నకు తలవంచవలసి వస్తుంది. మిగిలిందనుకొన్న రెండు వేలకు మించిన నష్టం తల్లి కష్టార్జితానికి కలుగుతుంది.

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో రూపొందింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార విధానంగా పేర్కొన్నది. లోపం గల వస్తువును బిల్లులో తెలిపిన గడువులోపల, గడువు తెలుపకపోతే ముప్పై రోజులలోపల, వెనుకకు తీసుకొని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడమూ అటువంటిదే. “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన ఈ బాధ్యత తొలగిపోదు. అయితే ఏ లోపమూ లేని వస్తువును మనసు మారిందని తిరిగి ఇచ్చే హక్కును ఈ నియమం కల్పించదు. దిగుమతి చేసుకొన్న కెమెరా పెట్టెపై దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలి. అవి లేని సరుకు ఎంత చౌకగా దొరికినా అనుమానించవలసిందే.

వివాదం తలెత్తితే ముందుగా దుకాణానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఫలితం లేకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సలహా పొందవచ్చు. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించని ఫిర్యాదులను అది విచారిస్తుంది. 5 లక్షల వరకు రుసుము లేదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ళలోపల ఫిర్యాదు చేయాలి. కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు.

హక్కులతోపాటు బాధ్యతలూ ఉన్నాయి. తాను జారవిడిచి పగులగొట్టిన కెమెరాను తయారీ లోపమని చెప్పడం కూడా మోసమే. బిల్లు భద్రపరచడం, వారంటీ నిబంధనలు చదవడం, సందేహాన్ని అక్కడికక్కడే తీర్చుకోవడం కొనుగోలుదారు కర్తవ్యాలు. తొలి చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన డిసెంబరు 24ను ఏటా జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ చట్టం ఇచ్చిన బలం మనం అడిగి తీసుకొనే చిన్న రసీదుతోనే మొదలవుతుంది. దానిని అడగడానికి విద్యార్థులు సంకోచించరాదు.

ప్రశ్నలు

1. మెగాపిక్సెళ్ళ సంఖ్య ఒక్కటే కెమెరా నాణ్యతను ఎందుకు నిర్ణయించలేదు?
2. ఇద్దరు వర్తకుల ప్రవర్తనలోని భేదాలను వివరించండి.
3. లోపం గల వస్తువు విషయంలో 2019 నాటి చట్టం కల్పించిన రక్షణ ఏమిటి?
4. మీరు కొన్న వస్తువులో లోపం ఉన్నదని తెలియజేస్తూ దుకాణం యజమానికి లేఖ రాయండి.