పోటీ పరీక్షల ప్రత్యేకం: పొగ కమ్మిన చోట సౌరశక్తి అంచనా

సౌర విద్యుత్ కేంద్రానికి స్థలం ఎంచుకునేటప్పుడు మేఘాలను లెక్కించినంత శ్రద్ధగా పొగనూ లెక్కించాలి. పంజాబ్, హరియాణాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టినప్పుడు సింధు-గంగా మైదానంలో మబ్బు లేకున్నా ఎండ పలచబడుతుంది. గాలిలోని సూక్ష్మ కణాలు కాంతిని ఎంత అడ్డుకుంటాయో చెప్పే కొలమానం ఏరోసోల్ ఆప్టికల్ డెప్త్. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఒక తరంగదైర్ఘ్యం వద్ద దీని విలువ 1 అయితే, ఆ కాంతిలో కణాలను దాటి నేరుగా నేలకు చేరేది దాదాపు 37 శాతమే. గాలిలోని కణాలను నేలపై నుంచి కొలిచే ఏరోనెట్ నెట్‌వర్క్‌కు చెందిన కాన్పూర్ ఐఐటీ కేంద్రం 2001 నుంచి దీన్ని కొలుస్తోంది.

కణాలకు తగిలి చెదిరిన కాంతి కూడా ప్యానెళ్లకు అందుతుంది కాబట్టి నష్టం లేదని కొందరు వాదిస్తారు. అది సగమే నిజం. ఫోటోవోల్టాయిక్ ప్యానెళ్లు నేరుగా వచ్చే కాంతినీ, చెదిరిన కాంతినీ వాడుకుంటాయి. కానీ పొగలోని నల్ల కర్బనం కాంతిని పీల్చేసుకుంటుంది. అద్దాలతో ఎండను కేంద్రీకరించే థర్మల్ కేంద్రాలకైతే నేరుగా వచ్చే కాంతే ఆధారం. ఏడాది సగటు చాలన్న మాటా నిలవదు: పొగ నెలల లోటు సగటులో దాగిపోతుంది, గ్రిడ్‌కు మాత్రం ఏ రోజు కరెంటు ఆ రోజే కావాలి. అందుకే ఎండపై ఉపగ్రహాలు ఇచ్చే అంచనాలను పొగ నెలల్లో నేలపై కొలతలతో సరిచూడాలి. అభ్యర్థులు గుర్తుంచుకోవలసింది: మొత్తం సౌర వికిరణాన్ని కొలిచేది పైరనోమీటర్, నేరు వికిరణాన్ని కొలిచేది పైర్‌హీలియోమీటర్.