తాత్పర్యం దగ్గర ఆగిపోకు

తెనాలి,
ఆదివారం.

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం, దాని పక్కన మీ ప్రొఫెసర్ గారు రాసిన మాటలు రెండుసార్లు చదివాను. నూటికి 62 వచ్చాయని రాత్రంతా పడుకోలేదట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బీఎస్సీలో డిస్టింక్షన్ తెచ్చుకున్న పిల్లవి. పదేళ్ల తర్వాత నర్సింగ్ కోసం మళ్లీ పుస్తకం పట్టావు. అనాటమీ దగ్గర కాదు, ఇంగ్లీషు వ్యాసం దగ్గర కాలు తట్టుకుంది. నవ్వుతున్నాననుకోకు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి, పోయిన ఆ 38 మార్కుల్లో నాబోటి మేష్టర్ల వాటా కొంత ఉంది.

నీ వ్యాసం మొదటి వాక్యం చూడు. కేట్ షోపెన్ గొప్ప రచయిత్రి అనీ, మనిషి మనసును హృద్యంగా చిత్రించిందనీ మొదలుపెట్టావు. తర్వాత రెండు పేజీలూ కథే. భర్త రైలు ప్రమాదంలో పోయాడని కబురు రావడం, ఆవిడ గదిలోకి వెళ్లి తలుపేసుకోవడం, చివర్లో ఆయన నిక్షేపంగా ఇంటికి రావడం, ఆవిడ ప్రాణం పోవడం. తప్పేమీ లేదు. కానీ 1894లో అచ్చయిన ఆ చిన్న కథ మీ ప్రొఫెసర్ గారికి కంఠతా వచ్చి ఉంటుంది. ఆయనకు నువ్వు కథ చెప్పక్కర్లేదు. అందులో నీకేం కనిపించిందో, ఏ మాట దగ్గర కనిపించిందో చెప్పాలి. పక్కన ‘సమ్మరీ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నది అందుకే.

స్కూల్లో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం అని రెండూ రాసేవాళ్లు కదా. తాత్పర్యం బట్టీ పెట్టేదానివి, ప్రతిపదార్థం అంటే ఏడ్చేదానివి. డల్లాస్‌లో మీ కాలేజీవాళ్లకు కావలసింది ఆ ప్రతిపదార్థమే. ఒక్కో మాట పట్టుకుని ఇదే ఎందుకు, ఇక్కడే ఎందుకు అని అడగడం. అడిగాక నీదంటూ ఒక మాట తేల్చడం. మేం నేర్పింది తాత్పర్యం వరకే. నేనే క్లాసులో ‘ప్రశ్న, దానికి జవాబు’ అంటూ నోట్సు చెప్పి రాయించేవాణ్ణి. పిల్లలు పరీక్షలో నా వాక్యాలు నాకే తిరిగి ఇచ్చేవాళ్లు, నేను సంతోషంగా మార్కులు వేసేవాణ్ణి. నీ వ్యాసంలో ‘హృద్యంగా చిత్రించింది’ చూడగానే ఇది నా మాటే కదా అనిపించింది.

ఇంగ్లీషు మన భాష కాదు కాబట్టి రాలేదనే దిగులు మాత్రం పెట్టుకోకు. ఈ కంపోజిషన్ కోర్సు పరాయివాళ్ల కోసం పుట్టింది కాదు. హార్వర్డ్‌లో 1874లో ప్రవేశానికి ఇంగ్లీషు రాత పరీక్ష పెట్టారు. మంచి మంచి స్కూళ్లలో చదివిన దొరబిడ్డలే అందులో తిన్నగా నాలుగు వాక్యాలు రాయలేక చతికిలపడ్డారు. 1885కల్లా మొదటి ఏడాది పిల్లలకు ‘ఇంగ్లీష్ ఎ’ అనే కోర్సు పెట్టాల్సి వచ్చింది. నువ్వు చదివేది దాని మునిమనవరాలిని.

ఇక రెండో వ్యాసం. సుసాన్ గ్లాస్పెల్ రాసిన ‘ట్రైఫిల్స్’ నాటకం ఇచ్చారన్నావు. నాటకంలో దారి తెలియడం లేదన్నావు. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందే?

గ్లాస్పెల్ పేపర్లో పనిచేసేటప్పుడు, 1900లో అయోవాలో ఒక రైతు హత్య కేసు గురించి వార్తలు రాసింది. పదహారేళ్ల తర్వాత దాన్నే ఏకాంకిక చేసింది. నాటకంలో, భర్త మెడకు తాడు బిగించి చంపిందని భార్యను జైల్లో పెట్టారు. ఆవిడ స్టేజి మీద కనిపించనే కనిపించదు. షెరీఫ్, లాయరు ఇల్లంతా వెతుకుతారు. మేడ మీదికి పోతారు, పశువుల కొట్టంలోకి పోతారు. వంటింట్లోకి ఒకసారి తొంగిచూసి, ఇక్కడేముంటుంది, అన్నీ చిల్లర సంగతులే అని వెళ్లిపోతారు. వాళ్లతో వచ్చిన ఇద్దరాడవాళ్లూ వంటింట్లోనే కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. సగం తుడిచి వదిలేసిన బల్ల, సగంలో ఆగిన పని, చలికి పగిలిన పళ్ల సీసాలు. తర్వాత జైల్లో ఉన్నావిడ కుడుతున్న బొంత ముక్క చేతికొస్తుంది. కుట్లన్నీ చిన్నగా, వరసగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం వంకరటింకరగా పోయాయి. వాళ్లలో ఒకావిడ ఆ కుట్టు విప్పేసి, సూది తీసుకుని మళ్లీ తిన్నగా కుట్టడం మొదలుపెడుతుంది.

ఇక్కడ పుస్తకం మూసి ఒక్క నిమిషం కూర్చో. ఆవిడ ఎందుకు విప్పింది? చేతికి అలవాటైన పనా, లేక చూసినదాన్ని మాపేస్తోందా? మీ అత్తయ్యకు ఈ ఘట్టం చెప్పాను. తను కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండానే, ‘కుట్టు వంకర పోయిందంటే ఆ గంటలో కుట్టినావిడ చెయ్యి వణికింది, అది ఇంకెవరికీ తెలియకూడదని ఈవిడ విప్పేసింది’ అంది. ఎమ్మే ఇంగ్లీషు చదివిన నాకు అది రెండోసారి చదివితే గానీ తట్టలేదు.

నీ వాదం అలాంటి చోట పుట్టాలి. ‘ఈ నాటకంలో స్త్రీల కష్టాలు చూపించారు’ అంటే వాదం కాదు, కాదనేవాడెవడూ ఉండడు. ‘ఆ ఇద్దరాడవాళ్లకు నిజం దొరికింది జాలి వల్ల కాదు, వంటింటి పని తెలియడం వల్ల’ అను. అప్పుడు ఒకడు లేచి కాదంటాడు. వాడికి జవాబుగా బల్ల, సీసాలు, కుట్టు ఒక్కొక్కటీ తెచ్చి ముందు పెట్టు. నేను చెప్పినదే రాసెయ్యకు సుమా, ఇది ఎలా ఉంటుందో చూపించడానికి చెప్పాను. దీన్ని కాదని రాసినా నాకు సంతోషమే.

పెట్టే ప్రతి మాటకూ మూలంలో చోటు చూపించాలి. ఇది తెల్లవాళ్ల ఛాదస్తం అని మీ ఆయన అన్నాడట. అల్లుడుగారికి చెప్పు, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన మెదక్ దగ్గరి కొల్చారం మనిషి. మూలంలో లేనిది రాయనని ముందే మాటిచ్చి మరీ మొదలుపెట్టాడు. ఎమ్మెల్యే పద్ధతి అని నువ్వు వాయిస్ మెసేజ్‌లో అంటే నాకు మన ఎమ్మెల్యేలు గుర్తొచ్చి నవ్వొచ్చింది కానీ, ఆ ఎం.ఎల్.ఏ. పద్ధతి చేసేదీ ఇదే. ఎవరి మాట ఎక్కడ నుంచి తెచ్చావో బ్రాకెట్లో, చివరి పేజీలో చెప్పమంటుంది. కామాలు, చుక్కలు బట్టీ పట్టకు. పర్‌డ్యూ యూనివర్సిటీవాళ్లు ఆ నియమాలన్నీ ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు, ఎదురుగా తెరిచి పెట్టుకుని చూసి రాసుకో.

టైము సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. మీ కోర్సు నంబరు 1302 కదా, టెక్సస్ కాలేజీల లెక్కలో ఆ రెండో అంకె 3 అంటే మూడు క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటలు ఇంటి చదువు. పదహారు వారాలైతే వారానికి 9 గంటలు. నువ్వు తొందరగా అయిపోతుందని ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నావు, అంటే 18 గంటలు. నువ్వు ఇస్తున్నది పిల్లాడు పడుకున్నాక నాలుగు గంటలు, అదీ ఆదివారం రాత్రి. క్లాసు గది లేదు కాబట్టి క్లాసు లేదనుకున్నావు.

నేనూ అలాగే అనుకున్నాను. ఎమ్మే కరస్పాండెన్స్‌లో కట్టాను. పాఠాల కట్టలు పోస్టులో వచ్చేవి. వచ్చినవి వచ్చినట్టు అటక మీదికి ఎక్కించాను. పరీక్షలకు ఇరవై రోజులుందనగా దించితే రెండు కట్టలు చెదలు తినేశాయి. ఆ ఏడు రెండు పేపర్లు పోయాయి. మీ తాతయ్య ఏమీ అనలేదు, అటక మీద గమాక్సిన్ మాత్రం చల్లించారు.

జూన్‌లో ఇక్కడికొచ్చి, తర్వాతి కోర్సు ఇక్కణ్ణుంచే చేస్తానంటున్నావు. రా. కానీ వ్యాసం పంపే గడువు డల్లాస్‌లో ఆదివారం రాత్రి 11:59 అంటే ఇక్కడ సోమవారం ఉదయం 10:29. ఆ వేళకు మా వీధిలో కరెంటు ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. శనివారమే పంపేసి కూర్చో.

చాట్‌జీపీటీ గురించి భయపడుతూ అడిగావు. ఏది వాడొచ్చో, ఏది వాడకూడదో మీ సిలబస్‌లో రాసే ఉంటుంది, ముందు అది చదువు. నా మట్టుకు నేను చెప్పేది, అది మేం చెప్పిన నోట్సు లాంటిదే, ఇంకా నున్నగా ఉంటుంది. నువ్వు వెళ్లేది నర్సింగ్‌కు. రాత్రి రెండు గంటలకు వార్డులో పేషెంటును చూసి, ఏం చూశావో, ఎన్నింటికి చూశావో, దాన్నిబట్టి ఏమనుకున్నావో నీ మాటల్లో రాసి తర్వాతి నర్సు చేతిలో పెట్టాలి. వంకర కుట్టు చూసి రాయడానికీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించడం లేదు. ఇంకొకటి, వ్యాసం గూగుల్ డాక్స్‌లో రాయి. ఏ రోజు ఏ వాక్యం రాశావో, ఏది కొట్టేశావో అందులో నిలిచి ఉంటుంది. రేపెవరైనా అనుమానపడితే చూపించొచ్చు.

నన్ను దిద్దమనకు. నేను దిద్దితే అది నా వ్యాసం అవుతుంది, మళ్లీ ‘హృద్యంగా’ వచ్చి కూర్చుంటుంది. మీ కాలేజీలో రైటింగ్ సెంటర్ ఉంటే అక్కడ అరగంట టైము తీసుకో. వాళ్లు నీ చేత మాట్లాడిస్తారు. ఫీజులోనే వచ్చేదాన్ని వదులుకోవడం ఎందుకు?

డ్రాఫ్టు మాత్రం గురువారంలోగా నాకూ ఒకటి పంపు. వ్యాకరణం ముట్టుకోను. మీ అత్తయ్యకు తెలుగులో చదివి వినిపించి, తను అడిగిన ప్రశ్నలు రాసి పంపుతాను.

మీ మావయ్య