ఐదు స్వరముల చుట్టరికము

కర్ణాటక సంగీతము నభ్యసించు బాలబాలికలకు మోహనరాగము చిరపరిచితము. త్యాగరాజస్వామి ‘నను పాలింప’ అను కృతిని ఈ రాగమునందే రచించెను. సప్తస్వరములలో మధ్యమ నిషాదములను విడిచి, స, రి, గ, ప, ద అను ఐదింటితోనే ఇది నడచును. హిందూస్థానీ సంగీతమున ఈ స్వరములే భూపాలి రాగమైనవి. అంతమాత్రమే కాదు, మన శాస్త్రము నెరుగని దూరదేశముల ప్రజలును ఈ ఐదింటినే చేపట్టిరి. దీనికి కారణమేమి?

చైనా దేశపు ప్రాచీన గ్రంథమైన ‘క్వాన్‌జీ’లో ఒక చక్కని లెక్క కలదు. తంత్రి పొడవు 81 భాగములనుకొందము. దానికి మూడవ వంతు చేర్చిన 108 అగును. అందు మూడవ వంతు తీసివేసిన 72. మరల చేర్చిన 96. మరల తీసివేసిన 64. ఈ 64ను మూడు సమభాగములు చేయ వీలులేదు గనుక లెక్క అచ్చటనే ఆగును. 81 భాగముల తంత్రి నాదమును షడ్జముగా గైకొన్నచో, 72 రిషభము, 64 గాంధారము. 108, 96 క్రింది స్థాయి పంచమ ధైవతములు. చైనావారి లెక్కలో మన మోహన స్వరములే వెలువడినవి!

ఈ వరుసలో ఏ రెండు స్వరములును మిక్కిలి దగ్గరగా నుండవు. అందుచే శిక్షణ లేని కంఠమునకును ఇవి సులభముగా పట్టువడును. పదిమంది కలసి పాడినను చెవికింపుగా నుండును. హార్మోనియముపై మూడు నల్లమెట్లు కలసియున్నచోట మొదటిదానిని షడ్జముగా గైకొని, నల్లమెట్లనే వరుసగా నొక్కినచో ఈ స్వరములు వినవచ్చును.

స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1788లో పాతమిత్రులను స్మరించు గీతమొకటి కూర్చెను. అది నేడు పాడబడు బాణీ పంచస్వరములదే. 1880ల తొలినాళ్లలో జపానువారు తమ పాఠశాలల పాటల పుస్తకమున ఆ బాణీకి తమ భాషలో వేరు మాటలు కూర్చిరి. దాని పేరు ‘మిణుగురుల వెలుగు’. దీపమునకు నూనె లేక, మిణుగురుల వెలుతురున చదివిన పేదవిద్యార్థి కథ అందు స్ఫురించును. బడి విడిచిపోవు విద్యార్థులు తరతరములుగా దానిని పాడుచు వచ్చిరి. పరదేశపు బాణీ యైనను అది వారికి పరాయిదిగా తోపలేదు.

అయినను ప్రపంచ సంగీతమంతయు ఒక్కటే యనుట పొరపాటు. జావా ద్వీపపు ఐదు స్వరముల ఎడములు వేరు. మోహనకు ప్రాణము గమకము; స్కాట్లండు పాటకు అది లేదు. ఒకే మట్టితో ఊరూరి కుమ్మరులు వేర్వేరు కుండలు చేసినట్లు, ఒక్కొక్క జాతి ఆ స్వరములకు తనదైన రూపమిచ్చినది. పరుల పాటలో మన స్వరములను గుర్తించుట ఆనందము; వారి తీరును వారిదిగా గౌరవించుట సంస్కారము.